కావిడెక్కిన బండి

చక్రాలున్న సామాను కొండమీద కనిపిస్తే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అరకు స్టేషన్లో రైలు దిగి, సూట్‌కేసుల్ని గరగరా ఈడ్చుకుంటూ పోయే టూరిస్టుల్ని చూస్తే పొద్దున తాగిన కాఫీ అప్పుడు చేదెక్కుతుంది. వయసు పైబడి చాదస్తం వచ్చిందంటారు మా ఇంట్లోవాళ్ళు. చాదస్తం కాదు. నాకు ఒక బండి మీద కోపం. ఆ బండిని ఊళ్ళోకి తెచ్చింది ఇంకెవరో అయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఏరికోరి తెచ్చింది నేనే.

రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకి, అరకు లోయలో ఒక గెస్ట్ హౌస్‌లో స్టోరు చూసేవాణ్ణి. మాది పార్వతీపురం వైపు. గెస్ట్ హౌస్ వెనక కాఫీ తోట, తోట వెనక కొండ. కాఫీ రుచి చూసి మార్కులు వేయడానికి వచ్చిన ఒక విదేశీయుడు రెండు నెలలు మా దగ్గరే ఉండిపోయి, ఊసుపోక ఒక ఆట మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ పళ్ళేలు విసిరే ఆట. గోల్ఫులో బంతి గోతిలో పడాలి, ఇందులో పళ్ళెం బుట్టలో పడాలి. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య తొమ్మిది చోట్ల గుంజలు పాతించి, కాఫీ పళ్ళు కోసే బుట్టలు కట్టించాడు. విసిరిన పళ్ళెం తగిలి కిందికి జారేటట్టు ఒక్కో బుట్టమీదా పాత సైకిల్ చైన్లు వేలాడదీశాడు. తక్కువ విసుర్లలో తొమ్మిది బుట్టలూ చుట్టి వచ్చినవాడు గెలిచినట్టు. డిస్క్ గోల్ఫ్ అని దానికి ఇంగ్లీషు పేరు. మేం పళ్ళేలాట అనేవాళ్ళం. వెళ్ళేటప్పుడు పళ్ళేలన్నీ మాకే వదిలేశాడు.

పళ్ళెమంటే ఒకటే రకమనుకునేరు. దూరం పోయేదాని అంచు కత్తిలా పలచగా ఉంటుంది. బుట్ట దగ్గర నెమ్మదిగా వేసేది అన్నం తినే సత్తుపళ్ళెంలా లోతుగా ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో రకం. గెస్టుకి అయిదారు చొప్పున, నలుగురొస్తే పాతిక దాకా పళ్ళేలు. వాటితోపాటు వాళ్ళ నీళ్ళ సీసాలు, గొడుగులు, తువ్వాళ్ళు, టీ ఫ్లాస్కు, బిస్కెట్ల డబ్బా. ఇదంతా కొండ ఎక్కించి దించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నా నేస్తం.

నేస్తమంటే ఏదో మాటవరసకి అనే స్నేహితుడు కాదు. వాళ్ళ ఊళ్ళో, కొత్త కొర్రలు తొలిసారి తినే కొర్రకొత్త పండగలో, పెద్దల ముందు, పసుపు బియ్యం ఒకరి దోసిట్లో ఒకరం పోసుకుని నేస్తం కట్టుకున్నాం. ఆ తర్వాత ఒకరి పేరు ఒకరం పలకకూడదు. నేస్తమని పిలవాలి, అంతే. అతని పేరు ఇక్కడ రాయనిది కూడా అందుకే. చచ్చేదాకా రాయను.

నేస్తానికి కొండమీద కాఫీ మొక్కలుండేవి. మూడో ఏడు నడుస్తోంది. కాఫీ మొక్క మొదటి మూడేళ్ళూ చంటిపిల్లతో సమానం. కలుపు తియ్యాలి, నీడ చూడాలి, మేకల్ని తోలాలి. కాపు చూడాలంటే ఇంకో ఏడాది ఆగాలి. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు సగంమంది ఇటుక బట్టీలకి దిగిపోయారు, దిగినవాళ్ళ మొక్కల్ని తుప్పలు మింగేశాయి. మా దగ్గర పని పొద్దుటే మొదలై మధ్యాహ్నానికి అయిపోయేది. ఆ పని ఉన్నన్నాళ్ళూ మిగిలిన సగం రోజు మొక్కల దగ్గర ఉండొచ్చు. అది పోతే బట్టీకి పోవాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే అంత పనీ చేశాను.

నేస్తం సామానంతా కావిడితో మోసేవాడు. వెదురు బద్దకి చెరోవైపు ఒక బుట్ట. ఆట మొదలయ్యేటప్పుడు రెండు బుట్టలూ సమానంగానే ఉండేవి. గెస్టులు పళ్ళేలు తీసి చేతుల్లో పట్టుకోగానే ఒకవైపు తేలిపోయేది. అప్పుడు నేస్తం ఒక రాయి తెచ్చి ఆ బుట్టలో పెట్టేవాడు. వాళ్ళు పళ్ళేలు మళ్ళీ పెట్టేశాక రాయి తీసేసేవాడు. బద్దని భుజంమీద కొంచెం జరుపుకుంటే సరిపోదా అని ఒకసారి అడిగాను.

"సదరం నేలమీదైతే జరుపుకోవచ్చు నేస్తం. ఈ గట్టుదారిలో ఎనక బద్ద పొడుగైపోతే మలుపు దగ్గర గట్టుకి కొట్టేత్తాది. కొడితే ఏటవుతాది? నేను కిందన, బుట్ట నా మీదన."

ఇంత సులువైన సంగతి. గెస్టులు అడిగితే ఇదే మాట చెప్పొచ్చు. కానీ నా నోరు అలాంటిది కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే నాకు ఆ పూట అన్నం అరగదు. ఒకరోజు కళ్ళద్దాల మేడం ఒకావిడ, "ఈ రాయి ఎందుకు మోస్తున్నాడు?" అనడిగింది. ఇంకేం కావాలి నాకు!

"మామూలు రాయి కాదండీ అది. పోయినేడు ఒకాయన దీన్ని చూసి నవ్వి పళ్ళెం విసిరాడు. అది బుట్ట దాటింది, తోట దాటింది, అటుగా పోతున్న కిరండూల్ పాసింజరు కిటికీలోంచి లోపలికెళ్ళిపోయింది. ఒక ముసలమ్మ దాంట్లో బఠాణీలు పోసుకు తింటూ జగదల్‌పూర్ దాకా పోయింది. మర్నాడు అదే బండిలో తిరిగొచ్చింది. ముసలమ్మ కాదండీ, పళ్ళెం. అప్పట్నుంచీ ఈయన రాయి మోస్తున్నాడు. కొండదేవర పళ్ళేల జోలికి రాకుండా."

అందరూ పగలబడి నవ్వారు. నేస్తం నవ్వలేదు. తువ్వాలు భుజంమీద సర్దుకుని, కావిడెత్తి ముందుకు నడిచాడు. నేను అదీ చూశాను. చూసి కూడా మర్నాడు ఇంకో గుంపుకి అదే కథ, ఇంకొంచెం ఉప్పూకారం చల్లి, వినిపించాను.

ఆ మేడం వెళ్తూ వెళ్తూ విజిటర్స్ పుస్తకంలో ఇంగ్లీషులో ఒక పేజీ రాసింది. మా మేనేజరు ఆ పేజీ పట్టుకుని స్టోరులోకి వచ్చాడు. ఈయన హైదరాబాదు హోటళ్ళలో పనిచేసి వచ్చినవాడు. కొండమీద కూడా నల్లబూట్లు మెరవాలి ఆయనకి.

"ఏమయ్యా, మనం మనుషుల చేత రాళ్ళు మోయిస్తున్నామా? మూఢనమ్మకం పేరు చెప్పి అమాయకుడితో బండచాకిరీ చేయిస్తున్నామని రాసింది చూడు!"

ఆ క్షణంలో నేను అనాల్సిన మాట ఒక్కటే. సార్, అది నేను అల్లిన కథ, రాయి పెట్టేది కావిడి సమంగా ఉండడానికి. పట్టుమని పది మాటలు లేవు. గెస్టులకి అబద్ధాలు చెబుతున్నావా అని ఎక్కడ అడుగుతాడోనని నాలుక మడతపెట్టుకున్నాను. ఊరందరి ముందూ గంటలకొద్దీ తిరిగే నాలుక, ఆ పూట ఎండు చేపలా పడుంది.

"రేపట్నుంచి ఆ కావిడి గేటు లోపల కనబడకూడదు," అన్నాడు మేనేజరు. "ఒక మంచి బ్యాగో, బండో కావాలి. నువ్వే వైజాగ్ వెళ్ళి చూసి తీసుకురా."

పొద్దుటి బస్సుకి దిగాను. దారంతా నామీద నాకు కోపం. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకున్న పక్క సీటాయన మీద కూడా కోపమే. పూర్ణా మార్కెట్ దగ్గర్లో ఆటసామాన్ల దుకాణంలోకి పోయి పళ్ళెం ఒకటి బల్లమీద పెట్టాను.

దుకాణదారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏటి గురువుగారూ, కుక్కలకి అన్నమెట్టేదా?" అన్నాడు.

"మనుషులకి గడ్డి పెట్టేది. ఇలాంటివి పాతిక మోసే బ్యాగు చూపించు."

మొదట క్రికెట్ కిట్ బ్యాగు తీశాడు. శవాన్ని పడుకోబెట్టొచ్చు అందులో. అడుగున ఉన్న పళ్ళెం కావాలంటే మొత్తం దిమ్మరించాలి. తర్వాత పోస్టుమాన్ సంచిలాంటిది తీశాడు. ఒక్క భుజానికే వేలాడుతుంది, దిగుడులో మోకాలికి కొట్టుకుంటుంది. మూడోది వీపుకి తగిలించుకునే బ్యాగు. రెండు భుజాలకీ మెత్తటి పట్టీలు, పక్కన నీళ్ళ సీసాకి జేబు, పళ్ళేలు పుస్తకాల్లా నిలబెట్టుకుని కావాల్సింది లాక్కోవచ్చు. ఆటకి అంతకు మించిన బ్యాగు లేదు. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. చూస్తుంటే గుండెల్లో రాయి పడింది. ఇది కొంటే నలుగురు గెస్టులకి నాలుగు బ్యాగులు, ఎవరిది వాళ్ళు తగిలించుకుపోతారు. ఇక నేస్తం ఎందుకు?

"బండి చూపించు," అన్నాను.

రెండున్నాయి. ఒకదానికి సైకిలంత చక్రాలు, లావు టైర్లు. వేళ్ళూ రాళ్ళూ ఎక్కి దూకేలా ఉంది. చంటిపిల్లాడు కూడా లాక్కుపోతాడు. అంటే అప్పుడూ నేస్తం అక్కర్లేదు. రెండోది మెరిసే ఇనపగొట్టాల బండి. మూడు చక్రాలు, ఒక్కొక్కటి నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. విమానాశ్రయం నేలమీద తప్ప ఇంకెక్కడా తిరగదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఇది తీసుకెళ్తాను. మా కొండ మొదటి మలుపులోనే దీని కాళ్ళు విరుగుతాయి. మేనేజరు ముక్కుమీద వేలేసుకుంటాడు. కావిడి మళ్ళీ వస్తుంది.

"అది కొండకి పనికిరాదు గురువుగారూ, పెద్ద చక్రాలది తీసుకోండి," అన్నాడు దుకాణదారు. పాపం, నిజాయితీపరుడు.

"పనికిరానిదే కావాలి. బేగి కట్టు," అన్నాను.

తిరుగు బస్సు పైన బండి, లోపల నేను. నా అంత తెలివైనవాడు ఉత్తరాంధ్రలో లేడని ఈల వేసుకుంటూ ఎక్కాను ఘాటు.

మర్నాడు నలుగురు గెస్టులు ఆటకి దిగారు. నేస్తం బండి లాక్కుంటూ బయల్దేరాడు. గేటు దగ్గర సిమెంటు నేలమీద పెళ్ళికూతురిలా నడిచింది. తోటలోకి దిగాక, మేనేజరు గదిలోంచి చూస్తే మొదటి సిల్వర్ ఓక్ దాకా కనిపిస్తుంది, అంతవరకూ కిర్రుకిర్రుమంటూ పోయింది. నేను స్టోరు వెనక గట్టెక్కి, విరిగే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. చెట్టు దాటగానే ముందు చక్రం వేళ్ళలో ఇరుక్కుంది. ఇంకొక్క గుంజు గుంజితే చాలు, పని అయిపోతుంది.

నేస్తం గుంజలేదు. వంగి చక్రాన్ని వేళ్ళలోంచి చంటిబిడ్డ కాలు తీసినట్టు తీశాడు. తువ్వాలు చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకున్నాడు. బండినీ, బండిలో ఉన్న పళ్ళేలనీ, సీసాలనీ, గొడుగులనీ మొత్తంగా ఎత్తి నెత్తిన పెట్టుకుని కొండెక్కేశాడు. గెస్టులు చప్పట్లు కొట్టారు.

రెండోరోజు ఇంకా ఘోరం. కావిడి తెచ్చి మొదటి చెట్టు వెనక దాచిపెట్టుకున్నాడు. మేనేజరు కంటికి ఆనినంతసేపూ బండిని లాగుతాడు. చెట్టు దాటగానే బండిని కావిడికి ఒకవైపు కట్టి, రెండోవైపు రుబ్బురోలంత రాయి కట్టి మోస్తాడు. తిరిగొచ్చేటప్పుడు చెట్టు దగ్గర దించి మళ్ళీ లాక్కొస్తాడు. మేనేజరు గదిలోంచి చూస్తే బండి చక్కగా పోతోంది, చక్కగా వస్తోంది.

"భేషుగ్గా ఉందయ్యా బండి. నీ సెలెక్షన్ అంటే సెలెక్షనే!" అన్నాడు నా భుజం తట్టి. ఆ చెయ్యి కొరికేద్దామనిపించింది.

వారం చూశాను. పదిరోజులు చూశాను. ఒక మధ్యాహ్నం చెట్టు దగ్గర కాసి నేస్తాన్ని పట్టుకున్నాను.

"నీకేమైనా బుద్ధుందా? బండి మనల్ని మొయ్యాలా, మనం బండిని మొయ్యాలా? వదిలెయ్, విరగనీ! విరుగుతుందనే కదా అంత దరిద్రపు బండి ఏరి తెచ్చాను!"

నేస్తం బండి దించాడు. కుడి భుజంమీద చర్మం కమిలి నల్లబడి ఉంది.

"ఇరగాలని తెచ్చేవా?"

"మరి? అది పోతేనే కదా నీ కావిడి నీకొస్తుంది!"

"ఇరిగితే ఆ సారు ఎవుల్ని అడుగుతాడు? నిన్నా? బండి ఎవుడి సేతిలో ఉంది? కొత్త బండిని పదిరోజులకే ఇరగ్గొట్టేడురా కొండోడు, పొమ్మనండిరా ఈణ్ణి అంటాడు. మరి నా మొక్కలు?"

ఈ లెక్క నాకు తట్టనే లేదు. వైజాగ్‌లో అంత తెలివి వెలగబెట్టానా, ఈ ఒక్క ముక్క ఆ దుకాణంలో నా బుర్రకి ఎక్కలేదు.

"ముందు నా రాయి సూపించి నవ్వించేవు. ఇప్పుడు బండెట్టి నా కాల్జేతులు కట్టేసేవు," అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. బండి పిడి పట్టుకుని కదులుతూ, "తప్పుకోండి బాబూ, దారి," అన్నాడు.

బాబూ! నేస్తం కట్టుకున్నవాణ్ణి బాబూ అంటే చెప్పుతో కొట్టినట్టు. కాదు, చెప్పు దెబ్బయితే మాని ఊరుకుంటుంది. గట్టుమీద కూర్చుని ఆ పూటంతా తిట్టాను. మేనేజర్ని తిట్టాను, ఆ కళ్ళద్దాల మేడాన్ని తిట్టాను, పళ్ళేలు వదిలేసిపోయిన దొరని తిట్టాను. తిట్టడానికి ఇంకెవరూ మిగలక నన్ను నేను తిట్టుకోవడం మొదలెట్టేసరికి చీకటి పడబోతోంది.

రెండు రోజులకి నేస్తం భుజం వాచి, చెయ్యి లేవక, పనికి రాలేదు. సరిగ్గా ఆరోజే గెస్ట్ హౌస్ యజమాని తరపు పెద్దలు ముగ్గురు ఆట చూడ్డానికి వచ్చారు. "అతను రాకపోతే ఇంకో మనిషిని పెట్టెయ్, ఇక అతన్ని రావద్దను," అన్నాడు మేనేజరు, బూట్లు తుడుచుకుంటూ.

"ఇవాళ్టికి నేను వెళ్తాను," అన్నాను.

ఈసారి మేనేజరు కూడా మా వెంటే ఉన్నాడు. మొదటి చెట్టు దాటీ దాటగానే బండి చక్రం ఇరుక్కుంది. నేను లాగలేదు. బండిని అక్కడే వదిలి, చెట్టు వెనక కావిడి తీసి, సామాను రెండు బుట్టల్లోకీ సర్దాను. మేనేజరు కళ్ళు చింతనిప్పులయ్యాయి కానీ పెద్దల ముందు నోరు మెదపలేకపోయాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో నేనూ మోశాను కావిడి, రాళ్ళూ రప్పలూ నాకెందుకు అనుకున్నాను. మూడో బుట్ట దగ్గర పెద్దలు కావిడి వెనక బుట్టలోంచి పళ్ళేలూ సీసాలూ తీసుకున్నారు. బద్దని వెనక్కి జరుపుకుని మలుపు తిరిగాను. పొడుగైన వెనక బద్ద గట్టుకి కొట్టింది. తర్వాత నాకు తెలిసింది ముళ్ళపొద ఒక్కటే. పళ్ళేలు గొర్రెపిల్లల్లా కొండ కిందికి దొర్లిపోయాయి.

ముళ్ళలోంచి లేస్తుంటే కనిపించింది. బుట్ట గుంజ మొదట్లో మూడు రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి పిడికిలంత, ఒకటి కొబ్బరికాయంత, ఒకటి ఇంకాస్త పెద్దది. కిందికి చూస్తే రెండో బుట్ట దగ్గరా మూడు. పైకి చూస్తే నాలుగో బుట్ట దగ్గరా మూడు. ఎంతమంది ఎన్ని పళ్ళేలు తీస్తే ఏ రాయి వెయ్యాలో, తొమ్మిది చోట్లా సిద్ధం చేసి పెట్టుకున్నాడు మహానుభావుడు. నేను దాన్ని బఠాణీల ముసలమ్మని చేశాను.

"ఇదేనా నువ్వు మోసే తీరు?" అన్నాడు మేనేజరు పళ్ళ బిగువున.

నాకు ఇక ఆగలేదు. మోచేతుల వెంట రక్తం కారుతుండగా అరిచాను. "రాయి లేకపోతే ఇంతే! కొండదేవరా లేదు, మూఢనమ్మకమూ లేదు, ఆ కథ నేను కల్పించాను! బండి కూడా కావాలనే పనికిరానిది తెచ్చాను! ఆ మనిషి బండిని రోజూ కావిడిలో మోశాడు, మీకు తెలీదు!"

మేనేజరు పెద్దలవైపు తిరిగి నవ్వాడు. "మా స్టోర్ కీపర్ సార్. ఇలాగే కథలు చెబుతాడు. గెస్టులకి భలే సరదా."

జీవితంలో ఒక్కసారి నిజం చెబితే దానికి దక్కిన మర్యాద అది. దొర్లిన సామాను ఏ బుట్టది ఆ బుట్టలో వేసి, కావిడి ఎత్తి ఆయన ముందు పెట్టాను. "కథయితే మీరు మొయ్యండి, రాయి లేకుండా. ఆ నాలుగో బుట్ట దాకా."

పెద్దల్లో ఒకాయనకి ఉత్సాహం పుట్టింది. "మొయ్యవయ్యా, చూద్దాం," అన్నాడు. ఇక తప్పలేదు. మేనేజరు కోటు విప్పి భుజానికెత్తుకున్నాడు. ఆరడుగులు వేశాడు. ఏడో అడుగులో బద్ద గిర్రున తిరిగి వెనక బుట్ట ఆయన పిక్కకి కొట్టింది, ఆయన కూలబడ్డాడు, మెరిసే బూట్లు రెండూ బురదలో దిగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. నేను వెళ్ళి తేలికైన బుట్టలో కొబ్బరికాయంత రాయి పెట్టాను. ఆయన లేచి, మళ్ళీ ఎత్తుకుని నాలుగో బుట్ట దాకా నడిచాడు. అక్కడ పెద్దలు పళ్ళేలన్నీ తిరిగి కావిడి బుట్టలో పడేశారు. ఆయన ఎవరూ చెప్పకుండానే వంగి, ఆ రాయి తీసి గుంజ మొదట్లో పెట్టాడు.

నేస్తం పని నిలబడింది. కావిడి గేటులోంచే దర్జాగా వచ్చింది. బండిని గేటు పక్కన నిలబెట్టి పూలకుండీలు పెట్టారు, దాని బతుక్కి అదే సరైన పని. కానీ మంట ఎక్కడంటే, ఆ తర్వాత మేనేజరు వచ్చినవాళ్ళందరికీ రాళ్ళు చూపించి, "ఇది మా బ్యాలెన్స్ పద్ధతి," అని చెప్పుకునేవాడు. మా అట! వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. నేను స్టోరులో సబ్బులు లెక్కపెట్టుకుంటూ పళ్ళు నూరేవాణ్ణి. నేస్తానికి అదేం పట్టలేదు. మధ్యాహ్నం కాగానే మొక్కల దగ్గరికి పోయేవాడు. నన్ను మాత్రం బాబూ అనే పిలిచేవాడు. వానాకాలమంతా బాబూనే.

చలి ముదిరాక ఒక ఉదయం కొండమీంచి దిగాడు. కావిడికి రెండువైపులా బుట్టలు, బుట్టల్లో ఎర్రటి కాఫీ పళ్ళు. తొలికాపు. మా తోట దగ్గర పళ్ళ తొక్క తీసే మిషను ఉండేది, అక్కడికి తెచ్చాడు. మిషను దగ్గర ముందు బుట్టలోంచి సగం దించేసరికి బద్ద ఒక పక్కకి వాలిపోయింది. రెండు చేతులా బద్ద పట్టుకుని అటూ ఇటూ చూశాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఏటలా సూత్తావు నేస్తం? రాయందుకో."

పరిగెత్తాను. చేతికందిన రాయి తెచ్చి బుట్టలో పెట్టాను. బద్ద కదల్లేదు.

"ఇది సాల్దు. కళ్ళెట్టుకు సూడు, ఎంత తేడా ఉందో!"

ఇంకోటి తెచ్చాను. ఈసారి అటు వాలిపోయింది.

"ఇన్నేళ్ళొచ్చి రాయి ఏరడం రాదేటి నీకు?"

నాకు ఒళ్ళు మండింది. నీ రాళ్ళు నువ్వే ఏరుకో అని అరుస్తూనే, మిషను వెనక మట్టిలో వంగి మూడో రాయి కోసం వెతుకుతున్నాను.